నంపైతో లెక్కలు – 4వ భాగం: గెట్టు కొత్తది, నేల పాతదే

పోయిన భాగంలో నంపైలో (NumPy, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో అంకెల లెక్కలకు వాడే లైబ్రరీ) వరుసను, అంటే అర్రేను, కట్టడం చూశాం. ఈసారి దాన్ని కోయడం, అంటే అందులోంచి కొంత భాగం తీసుకోవడం. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి నిదానంగా పోదాం.

మిర్యాలగూడ దగ్గర ఒక వడ్ల కొనుగోలు కేంద్రం అనుకోండి. ఆరుగురు రైతుల తూకాలు క్వింటాళ్లలో 42, 35, 28, 60, 31, 44. వీటిని నంపై వరుసగా మార్చి ధాన్యం అని పేరు పెట్టండి. పైథాన్ 3 తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది, భయం లేదు. స్థానాలు సున్నా నుంచి లెక్క కాబట్టి, కింద [1:4] అంటే రెండో రైతు నుంచి నాలుగో రైతు వరకు.

ముక్క = ధాన్యం[1:4]
ముక్క[0] = 0

ఇప్పుడు ధాన్యం ప్రింట్ చేయండి. 42, 0, 28, 60, 31, 44 వస్తుంది. మనం ముట్టుకున్నది ముక్కను, పోయింది రెండో రైతు 35 క్వింటాళ్లు!

పైథాన్ మామూలు లిస్టును ఇలా కోస్తే కొత్త లిస్టు వస్తుంది. నంపై అలా చేయదు. ఒకే చేనులో రెండు గెట్లు వేసి "ఇది నా ముక్క" అన్నట్టే ఇది. ఒక్కో అంకె 8 బైట్లు తీసుకుంటుందనుకుంటే, ముక్క దగ్గర ఉన్న వివరం ఇంతే: మొదటి నుంచి 8 బైట్లు వదిలి మొదలుపెట్టు, 8 బైట్లకో అడుగు వెయ్యి, మూడు అంకెలు చదువు. ధాన్యం[::2] అంటే ఒకటి విడిచి ఒకటి, అడుగు 16 బైట్లు అవుతుంది. అంకె ఒక్కటి కూడా కదలదు. లక్షల అంకెలున్నా కోత క్షణంలో అయిపోవడానికి కారణం ఇదే.

నేను ఒక మిల్లు లెక్క రాసేటప్పుడు తరుగు తీయడానికి ముక్క -= 2 అని రాశాను. అది అసలు వరుసలోనే తగ్గించేసింది. తర్వాత వరుస మొత్తం మీద మళ్లీ తరుగు తీశాను. మధ్యలో ఉన్న రైతులకు రెండుసార్లు కోత పడింది. ఎర్రర్ రాలేదు. కాగితం మీద చేత్తో కూడితే గానీ దొరకలేదు. అదే ముక్క = ముక్క - 2 అని రాసుంటే కొత్త వరుస పుట్టేది, పాతది భద్రంగా ఉండేది. అనుమానంగా ఉంటే ధాన్యం[1:4].copy() అని విడదీసుకోండి. నేనైతే డబ్బు లెక్కల్లో ప్రతిసారీ అదే చేస్తాను.

స్థానాల జాబితాతో అడిగితే కథ వేరు. ధాన్యం[[0, 3]] చదివితే వచ్చేది విడి నకలు. కానీ అదే బ్రాకెట్ సమానం గుర్తుకు ఎడమవైపు ఉంటే రాత అసలు వరుసలోకే పోతుంది.

ఇందులో ఒక గుంట ఉంది. బండ్లు వచ్చిన వరుసలో రైతు నంబర్లు 0, 2, 0, 1. బస్తాలు 40, 25, 30, 50. మొత్తం అనేది మూడు సున్నాల వరుస. ఈ మూడింటినీ రైతు, బస్తాలు, మొత్తం అనే నంపై వరుసల్లోకి తెచ్చుకుని ఇలా రాస్తే:

మొత్తం[రైతు] += బస్తాలు

సున్నా నంబర్ రైతుకు 70 రావాలి, 30 వస్తుంది. ఎందుకంటే కూడికలన్నీ ముందు పక్కన జరిగి, ఆ తర్వాత ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోతుంది. మొదటి బండి 40 మీద మూడో బండి 30 పడింది. ఇలాంటిచోట మొత్తాన్ని మళ్లీ సున్నాలు చేసుకుని, np.add.at (np అంటే కోడ్‌లో నంపైకి పెట్టుకునే పొట్టి పేరు) వాడి, బ్రాకెట్‌లో మొత్తం, రైతు, బస్తాలు ఇవ్వండి. 70, 50, 25 వస్తాయి.

వచ్చే భాగంలోపు రైతు నంబర్లను 1, 1, 1, 1గా మార్చి రెండు పద్ధతులూ నడపండి. ఏ అంకెలు వస్తాయో ముందే నోట్‌బుక్‌లో రాసుకుని, ఆ తర్వాతే ఎంటర్ నొక్కండి.