విశ్వం శూన్యం నుంచి పుట్టిందని ఎవరైనా అంటే ఎలా పరిశీలించాలి?

"విశ్వం శూన్యం నుంచి పుట్టిందని సైన్స్ తేల్చేసింది" అని ఎవరైనా అంటే, ముందు ఏ శూన్యం అని అడగండి. భౌతికశాస్త్రం చెప్పే శూన్యం ఉత్త ఖాళీ కాదు, అందులో క్వాంటమ్ క్షేత్రాలుంటాయి, అంటే అంతటా పరచుకుని, కణాలకు మూలంగా ఉండేవి.

తర్వాత రుజువైనదాన్నీ ఊహనీ వేరు చేయండి. సుమారు 1380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం విపరీతమైన వేడితో, సాంద్రతతో ఉండేదనడానికి 1965లో శాస్త్రవేత్తలు పెంజియాస్, విల్సన్ ప్రకటించిన మైక్రోవేవ్ నేపథ్య వికిరణం (ఆకాశంలో అన్ని వైపుల నుంచీ వచ్చే, ఆ తొలి వేడి తాలూకు మిగిలిన వికిరణం) గట్టి ఆధారం. అయితే బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం చెప్పేది ఆ తర్వాతి విస్తరణ గురించే, మొట్టమొదటి క్షణం గురించి కాదు.

స్థలం, కాలం కూడా లేని స్థితి నుంచి క్వాంటమ్ టన్నెలింగ్‌తో (మామూలుగా దాటలేని శక్తి అడ్డంకిని క్వాంటమ్ నియమాల వల్ల దాటేయడం) విశ్వం పుట్టొచ్చని 1982లో భౌతికశాస్త్రవేత్త విలెంకిన్ ప్రతిపాదించాడు. చాలా అందమైన ఆలోచన, నాకెంతో ఇష్టం, కానీ పరిశీలనలతో ఇంకా నిర్ధారణ కాలేదు. పైగా అక్కడ కూడా క్వాంటమ్ నియమాలు ముందే ఉన్నాయనుకోవాలి. మరి అవెక్కడివని తప్పకుండా అడగండి, దానికి ఈరోజు ఎవరి దగ్గరా రుజువైన జవాబు లేదు.