ఐర్లండ్‌లో గైడెడ్ కోచ్ టూర్: టూర్ ఎంపిక నుంచి బస్సులో సీటు దాకా ఎలా చేయాలి?

ద్వీపం మొత్తం కలిపినా ఐర్లండ్ తెలంగాణ కంటే చిన్నది. తూర్పు తీరంలోని డబ్లిన్ నుంచి పడమటి తీరంలోని గాల్వేకి మోటార్‌వే మీద రెండున్నర గంటల ప్రయాణం. ఈ లెక్క చూసే చాలామంది "నాలుగు రోజుల్లో ఐర్లండ్ అంతా" అనే టూర్ కొనేస్తారు. అయితే చూడాల్సిన అందమంతా మోటార్‌వే అయిపోయిన తర్వాతే మొదలవుతుంది. అక్కడ రాతిగోడల మధ్య సన్నటి రోడ్లు. ఎదురుగా ఇంకో బస్సు వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే. గంటకు 50 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. కాబట్టి టూర్ కొనేటప్పుడు ఊళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయని కాకుండా, కాళ్లు నేల మీద పెట్టే గంటలు ఎన్ని ఉన్నాయని చూడాలి.

1. ఐటినరరీని పెన్సిల్‌తో చదవండి

టూర్ కంపెనీ ఇచ్చిన కాగితంలో ప్రతి పేరు పక్కనా ఏ మాట రాశారో గమనించండి. "విజిట్" అని ఉండి టికెట్ కలిపారంటే లోపలికి తీసుకెళ్తారు. "ఫోటో స్టాప్" అంటే పది పదిహేను నిమిషాలు. "వ్యూ" అని మాత్రమే ఉంటే చాలాసార్లు బస్సు కిటికీలోంచి చూడటమే. ఆ మూడింటినీ మూడు గుర్తులతో విడదీస్తే, పదిహేను పేర్లున్న టూర్‌లో నిజంగా చూసేవి ఆరే అని తేలవచ్చు.

తర్వాత హోటళ్లు లెక్కపెట్టండి. 8 రాత్రుల టూర్‌కి నాలుగు, మహా అయితే ఐదు హోటళ్లు. అంతకు మించితే దాదాపు ప్రతి ఉదయం 7 గంటలకల్లా పెట్టె సర్ది గది బయట పెట్టాల్సి వస్తుంది. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే అలసిపోయేది కొండలెక్కి కాదు, ఈ సర్దుళ్లతోనే. డబ్లిన్, కిలార్నీ, గాల్వేల్లో రెండేసి రాత్రులు, డెర్రీ, బెల్‌ఫాస్ట్‌లలో ఒక్కో రాత్రి ఉంటే ద్వీపం చుట్టూ నిదానంగా తిరిగి రావచ్చు. వారమే ఉంటే ఉత్తరం వదిలేసి దక్షిణం, పడమర మాత్రమే చూడండి. రెండూ ఇరికిస్తే రెండూ దక్కవు.

డబ్బు కట్టే ముందు కంపెనీని అడగాల్సిన నాలుగు ప్రశ్నలు:

- గైడ్ వేరే ఉంటారా, డ్రైవరే గైడా? డ్రైవర్‌గైడ్ ఉంటే ఖర్చు తగ్గుతుంది గానీ, బస్సు దిగాక మీతో నడిచి వివరించేవాళ్లు ఉండకపోవచ్చు. కోటలు, మఠాలు చూడటానికే వెళ్తుంటే వేరే గైడ్ ఉన్న టూర్‌కే మా ఓటు.
- హోటల్ ఊళ్లో ఉందా, హైవే పక్కనా? జూన్‌లో రాత్రి 10 దాకా వెలుతురు ఉంటుంది. ఊరి బయట హోటల్ అయితే ఆ సాయంత్రాలన్నీ లాబీలోనే గడిచిపోతాయి.
- రాత్రి భోజనాలు ఎన్ని కలిపారు? శాకాహారం ముందే రాసుకుంటారా?
- ఒంటరిగా వస్తే గదికి అదనంగా ఎంత? డ్రైవర్, గైడ్ టిప్పులు అందులోనే ఉన్నాయా?

2. నెల ఎంచుకోవడం

మే, జూన్ మంచివి. ఎండ ఎక్కువ కాసేది ఆ నెలల్లోనే, పగలు కూడా పొడుగు. జూన్ చివర్లో డబ్లిన్‌లో పగలు 17 గంటలుంటే, డిసెంబర్‌లో ఏడున్నర గంటలే. శీతాకాలం టూర్ చవకగా వస్తుంది కానీ సాయంత్రం 4 దాటితే కిటికీలోంచి చీకటే కనిపిస్తుంది. జూలై, ఆగస్టుల్లో రద్దీ. వాన మాత్రం ఏ నెలలోనైనా ఉంటుంది.

3. వీసా: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే

ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది కానీ, ఒకే వీసాతో చాలా యూరప్ దేశాలు తిరగనిచ్చే షెంగెన్ ఒప్పందంలో లేదు. ఫ్రాన్స్‌కో జర్మనీకో తీసుకున్న షెంగెన్ వీసాతో డబ్లిన్‌లో దిగలేరు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఐరిష్ షార్ట్‌స్టే 'సి' వీసా కావాలి. సింగిల్ ఎంట్రీకి 60 యూరోలు, మల్టిపుల్ ఎంట్రీకి 100. ఆన్‌లైన్ ఫారం నింపి, ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు, టూర్ కంపెనీ ఇచ్చిన రోజువారీ ఐటినరరీ, ఇన్సూరెన్స్, ఎందుకు వెళ్తున్నారో చెప్పే సంతకం చేసిన లెటర్ జతచేయాలి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. ఆ మూడు నెలల్లో మొదటి వారంలోనే పెట్టేయండి.

జెయింట్స్ కాజ్‌వే, బెల్‌ఫాస్ట్, డెర్రీ ఉన్నది ఉత్తర ఐర్లండ్‌లో, అంటే బ్రిటన్ పరిధిలో. సరిహద్దు దగ్గర గేటూ పోలీసూ ఉండరు. రోడ్డు బోర్డుల మీద కిలోమీటర్లు మైళ్లుగా మారతాయి, అంతే. గేటు లేదు కదా అని వీసా అక్కర్లేదనుకోవడం పొరపాటు. భారతదేశంలో ఉంటూ దరఖాస్తు చేసే భారతీయులకు రెండు దేశాల మధ్య ఒక ఏర్పాటు ఉంది. వీసా మీద బి.ఐ.వి.ఎస్. (బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అని రాసి ఉంటే ఆ ఒక్క వీసాతోనే రెండు చోట్లా తిరగవచ్చు, కాకపోతే వీసా ఇచ్చిన దేశంలోనే మొదట దిగాలి. అందుకే దరఖాస్తులో ఉత్తర ఐర్లండ్ కూడా వెళ్తున్నామని స్పష్టంగా రాయండి. అమెరికాలో హెచ్-1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్న మనవాళ్లకు ఈ ఏర్పాటు వర్తించదు, రెండు వీసాలూ తీసుకోవాలి. అమెరికా పౌరసత్వం ఉంటే ఐర్లండ్‌కి వీసా వద్దు కానీ, ఉత్తరానికి బ్రిటన్ ఈటీఏ (ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి) ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

4. పెట్టె, బట్టలు, తిండి

మనిషికి ఒక పెద్ద పెట్టె, ఒక చేతిసంచి. చాలా కంపెనీలు ఇంతకు మించి ఒప్పుకోవు, బస్సు కింద డిక్కీ నిండిపోతుంది. మందులు, ప్రిస్క్రిప్షన్, ఒక స్వెటర్ చేతిసంచిలో ఉండాలి. పెట్టె డిక్కీలోకి వెళ్లాక సాయంత్రం దాకా మీ చేతికి రాదు.

గొడుగు ఇంట్లోనే వదిలేయండి. అట్లాంటిక్ తీరంలో వాన పైనుంచి కాకుండా పక్కనుంచి కొడుతుంది. గొడుగు నిమిషంలో తిరగబడిపోతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటు, అడుగు జారని వాటర్‌ప్రూఫ్ బూట్లు, పలచటి పొరలుగా వేసుకునే బట్టలు కావాలి. వేసవిలో కూడా ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్యే. చీర కట్టుకునేవాళ్లు కొండగట్ల దగ్గరికి వెళ్లే రోజున ప్యాంటో సల్వారో వేసుకోవడం మేలు. ప్లగ్గుకి మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ అడాప్టర్ కావాలి.

ఆవకాయ, గోంగూర, పొడులు తెచ్చుకోవచ్చు. సీసా మూత మీద టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టి చెక్‌ఇన్ పెట్టెలో వేయండి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. మామిడిపండ్లకూ పచ్చి కరివేపాకుకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు.

హోటల్ గదుల్లో చాలావరకు ఎలక్ట్రిక్ కెటిల్ ఉంటుంది కాబట్టి వేడినీళ్లు పోస్తే చాలే ఇన్‌స్టంట్ ఉప్మా పొట్లాలు ఆదుకుంటాయి. గదిలో రైస్ కుక్కర్ పెడితే ఆవిరికి ఫైర్ అలారం మోగి హోటలంతా రోడ్డు మీదికొస్తుంది. ఉదయం ఫలహారంలో బ్లాక్ పుడింగ్ అనే నల్లటి బిళ్లలు రక్తంతో చేసినవి. తెలియక వడ్డించుకోవద్దు. కూరగాయల సూప్ అన్నా అందులో చికెన్ స్టాక్ పోశారేమో అడగాలి. సోడా బ్రెడ్ మాత్రం తప్పకుండా తినండి. ఈస్ట్ లేకుండా మజ్జిగతో పొంగించే ముతక గోధుమ రొట్టె అది, వేడిగా వెన్న రాసుకుంటే రోజూ అదే అడుగుతారు. చిన్న ఊళ్లలో రాత్రి 9 దాటితే వంట ఆపేస్తారు.

5. బస్సులో ఎలా ఉండాలి

కోచ్‌లో 50 సీట్ల దాకా ఉంటాయి. ముందు సీట్లకోసం గొడవ రాకుండా రోజూ రెండేసి వరుసలు జరిపే పద్ధతి చాలా టూర్లలో ఉంది. కడుపులో తిప్పే వాళ్లు మొదటి రోజే గైడ్‌కి చెప్పాలి. సీటు బెల్టు పెట్టుకోవడం చట్టం.

రింగ్ ఆఫ్ కెర్రీ అనే 179 కిలోమీటర్ల చుట్టును కోచ్‌లన్నీ కిలార్నీ నుంచి గడియారానికి ఎదురుదిశలో తిరుగుతాయి, సన్నటి రోడ్డులో బస్సులు ఎదురుపడకుండా. అలా తిరిగితే సముద్రం కుడివైపు, అంటే డ్రైవర్ వైపు ఉంటుంది. డింగిల్ దగ్గర స్లే హెడ్ చుట్టు గడియారం దిశలో తిరుగుతారు, అక్కడ సముద్రం ఎడమవైపు. ఆ రెండు రోజుల్లో ఒకరోజు అటు, ఒకరోజు ఇటు కూర్చునేలా తోటివారితో మాట్లాడుకోండి.

"ఐదు నిమిషాలే కదా ఆలస్యం" అనుకోవద్దు. యూరప్ నిబంధనల ప్రకారం డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి, రోజుకు 9 గంటలకు మించి నడపకూడదు (వారంలో రెండు రోజులు 10 వరకు సడలింపు), రాత్రి మామూలుగా 11 గంటల విశ్రాంతి ఉండాలి. బస్సులోని యంత్రం ఇదంతా నమోదు చేస్తుంది. ఉదయం పదిమంది పదేసి నిమిషాలు ఆలస్యం చేస్తే సాయంత్రం చివరి స్టాప్ ఎగిరిపోతుంది, గైడ్ ఎంత మంచివారైనా ఏమీ చేయలేరు. షానన్ నది మీద టార్బర్ట్, కిల్లిమర్ మధ్య ఫెర్రీ 20 నిమిషాల్లో దాటిస్తుంది. అది తప్పితే 130 కిలోమీటర్లకు పైగా చుట్టు తిరగాలి.

6. ఎక్కడ ఎంతసేపు

డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో బుక్ ఆఫ్ కెల్స్‌కి గంటన్నర ఇవ్వండి. సుమారు 800 నాటి ఈ సువార్తల ప్రతి దూడచర్మం మీద రాసింది. అద్దంలోంచి ఒక్క అక్షరం మీదే చూపు నిలపండి, లోపల ముడులు ముడులుగా అల్లుకున్న గీతలు కనిపిస్తాయి. పై అంతస్తు లాంగ్ రూమ్‌లో పుస్తకాలను పరిరక్షణ పనుల కోసం తీసేశారు, ఖాళీ అరలు చూసి నిరాశపడకండి. ఓకానెల్ వీధిలోని పోస్టాఫీసు బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటుకు కేంద్రం. తర్వాత మన రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1913 నుంచి 1916 దాకా ఈ నగరంలోనే లా చదివారు.

గ్లెండలాక్‌లో రెండు గంటలు. ఆరో శతాబ్దపు మఠం ఊరు అది. 30 మీటర్ల గుండ్రటి రాతి బురుజు దగ్గరికి వెళ్లి దాని తలుపు ఎక్కడుందో చూడండి. నేల నుంచి మూడున్నర మీటర్ల ఎత్తున, నిచ్చెన ఉంటేగానీ అందదు. దోపిడీలప్పుడు నిచ్చెన లాగేసుకునేవారంటారు. పునాది లోతు తక్కువ కాబట్టి అడుగుభాగంలో కన్నం పెట్టకుండా గట్టిగా ఉంచారన్న వివరణా ఉంది.

క్లిఫ్స్ ఆఫ్ మోహర్‌కి కనీసం రెండు గంటలు. కొండగట్టు అత్యధిక ఎత్తు 214 మీటర్లు. పొగమంచు కమ్మితే ఏమీ కనబడదు, కానీ అరగంటలో విడిపోవచ్చు, అందుకే 40 నిమిషాల స్టాప్ ఉన్న టూర్ వద్దంటున్నాం. కంచె దాటి అంచుకు వెళ్లకండి. గాలి ఒక్కసారిగా తోస్తుంది, గట్టు మట్టి కింద బోలుగా ఉంటుంది.

గాల్వేకి పడమటనున్న కానమారా ప్రాంతంలో బస్సు దిగకుండానే చూడగలిగేది ఒకటుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, ఎవరూ లేని కొండవాలుల మీద గడ్డి కింద వరుసగా చాళ్లు తేలతాయి. బంగాళాదుంప వేసుకున్న మళ్లు అవి. 1845లో దుంపకు తెగులు తగిలి మొదలైన కరువులో పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ చాళ్లను మళ్లీ దున్నినవాళ్లు లేరు. 1876 నాటి ధాత కరువు మాటలు పెద్దల నోట విన్న రాయలసీమవాళ్లకు ఆ కొండవాలు వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. మధ్యాహ్నం నిట్టనిలువు ఎండలో చాళ్లు కనబడవు, కాబట్టి గాల్వేకి తిరుగు ప్రయాణంలో నిద్రపోవద్దు.

జెయింట్స్ కాజ్‌వేలో దాదాపు 40,000 బసాల్ట్ స్తంభాలు. విజిటర్ సెంటర్ నుంచి కిలోమీటరు దిగాలి, తిరిగి ఎక్కలేనివాళ్లకు షటిల్ బస్సు ఉంది. తడిసిన నల్లరాళ్లు నూనె పోసినట్టు జారతాయి.

న్యూగ్రేంజ్ సుమారు క్రీ.పూ. 3200 నాటి సమాధి దిబ్బ. అక్కడికి కోచ్ నేరుగా వెళ్లదు. విజిటర్ సెంటర్‌లో దిగి, వంతెన దాటి, వాళ్ల షటిల్‌లో వెళ్లాలి. టికెట్ మీద సమయం ఉంటుంది, తప్పితే మళ్లీ దొరకదు. లోపలి దారి 19 మీటర్లు, కొన్నిచోట్ల వంగి పక్కకి తిరిగి నడవాలి. ఇరుకు పడనివాళ్లు బయటే ఉండటం మంచిది. గర్భగదిలో దీపాలార్పి, డిసెంబర్ 21 సూర్యోదయపు కిరణం ఎలా వస్తుందో కరెంటు దీపంతో చూపిస్తారు.

ఉత్తరం వదిలేసిన టూర్లు కొన్ని స్లైగో నుంచి ఎన్4 రోడ్డు మీద డబ్లిన్ వస్తాయి. ఆ రోడ్డు పక్కనే బోయిల్ అనే ఊరుంది. 1919లో మదనపల్లెలో రవీంద్రుడు జనగణమన పాడి వినిపించినప్పుడు స్వరలిపి కట్టడంలో తోడ్పడిన మార్గరెట్ కజిన్స్ 1878లో పుట్టింది అక్కడే. తెలుగువాళ్లే బస్సు మాట్లాడుకుని వెళ్తుంటే, 12వ శతాబ్దపు మఠం కూడా ఉన్న ఈ ఊళ్లో ఒక గంట ఆగుతామని బుకింగ్ నాడే రాయించండి. దారిలో అడిగితే డ్రైవర్ గంటల లెక్కలో చోటుండదు.