సిట్‌అవుట్‌కు అల్యూమినియం కిటికీలు – 3వ పాఠం: ఫ్రేము నిలబెట్టడం

పోయిన పాఠంలో ఓపెనింగ్ కొలిచి, నాలుగు వైపులా రెండేసి నూళ్లు (6 మి.మీ.) తగ్గించి ఫ్రేముకు ఆర్డరిచ్చాం. ఇప్పుడు ఆ ఫ్రేము ఇంటికొచ్చింది. ఈ పాఠంలో దాన్ని గోడల మధ్య నిలబెడదాం. అద్దాల షట్టర్లను ఈరోజు ముట్టుకోం. మన ఉదాహరణ పాతదే: ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, మూడు ట్రాకుల ఫ్రేము. రెండు ట్రాకులు అద్దాలకు, ఒకటి దోమల మెష్‌కు.

మేడ మీద సిట్‌అవుట్ అయితే బయటికి వంగి చేసే పని ఏదీ సొంతంగా చేయకండి. దానికి బెల్టు, తాడు ఉన్న మనిషిని పిలవండి.

ముందు కింది గట్టు చూడండి. ఫ్రేము కూర్చునే చోట గట్టు సమంగా ఉండాలి. ఫ్రేముకు బయట మిగిలిన భాగం మాత్రం అడుగుకు రెండు మూడు నూళ్ల చొప్పున బయటికి వాలాలి. వాలు లోపలికి ఉంటే ఎంత ఖరీదైన కిటికీ పెట్టినా హాల్లోకి నీళ్లొస్తాయి. అలా ఉంటే ఈరోజు పని ఆపి, మేస్త్రీతో గట్టు సరిచేయించండి.

ఇక అసలు సంగతి. మన ఇళ్లలో గోడలు నిలువుగా ఉండటం అరుదు. ప్లాస్టరింగ్ ఒకచోట అరంగుళం, ఇంకోచోట అంగుళం ఉంటుంది. చాలామంది ఫ్రేమును గోడకు ఆనించి బిగించేస్తారు, గోడ వంకర ఫ్రేముకు వస్తుంది. ఫ్రేము వినాల్సింది స్పిరిట్ లెవెల్ మాట, తూకం గుండు మాట. గోడకూ ఫ్రేముకూ మధ్య ఖాళీ పైన ఒక నూలు, కింద మూడు నూళ్లు వచ్చినా ఫర్వాలేదు, సిలికాన్ దాన్ని మూసేస్తుంది. వంకర ఫ్రేములో షట్టర్ మాత్రం ఎప్పటికీ సాఫీగా జరగదు.

ఫ్రేమును గట్టు మీద పెట్టి, కింద ప్లాస్టిక్ ప్యాకింగ్ ముక్కలు దూర్చి మట్టం చేయండి. చెక్క ముక్కలు వద్దు, వానకు ఉబ్బుతాయి. లెవెల్‌ను ఈ చివర, మధ్యలో, ఆ చివర మూడు చోట్లా పెట్టి చూడండి. నిలువు కమ్ములను రెండు దిక్కుల్లో చూడాలి: పక్కకు వాలిందా, లోపలికో బయటికో వాలిందా. ఆ తర్వాత టేపుతో మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. తేడా 2 మి.మీ. లోపు ఉంటే మూలమట్టం కుదిరినట్టే. అంతకు మించితే స్క్రూ జోలికి వెళ్లకండి.

అల్యూమినియానికి రంధ్రం మామూలు ఇనుప బిట్టుతో, డ్రిల్లులో హ్యామర్ ఆపేసి వేయాలి. గోడ మీద గుర్తు పెట్టుకుని, ఫ్రేము తీసి, 8 మి.మీ. సిమెంటు బిట్టుతో గోడకు వేసి, ప్లాస్టిక్ ప్లగ్ దిగ్గొట్టండి. స్క్రూ 3 అంగుళాలది, స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి. మామూలు ఇనుప స్క్రూ తడిలో అల్యూమినియాన్ని తినేస్తుంది, సముద్రపు గాలి తగిలే చోట మరీ త్వరగా. మూలకు ఆరంగుళాల దూరంలో మొదటి స్క్రూ, ఆపైన రెండడుగులు మించని దూరంలో ఒక్కోటి వేయండి. కోస్తాలో ఉంటే దూరం ఇంకా తగ్గించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా ఊపేసిందో గుర్తున్నవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

స్క్రూలు పక్క కమ్ములకూ పై కమ్మికీ మాత్రమే. కింది ట్రాకుకు వేయకండి. వాన నీళ్లు నిలిచేది అక్కడే, అక్కడ వేసిన ప్రతి రంధ్రం గోడలోకి దారి. కింది కమ్మికి పట్టు దానికీ గట్టుకూ మధ్య పట్టించే సిలికాన్ పొరే ఇస్తుంది. ప్రతి స్క్రూ దగ్గరా గోడకూ ఫ్రేముకూ మధ్య ప్యాకింగ్ ముక్క ఉండాలి, లేకపోతే బిగించే కొద్దీ కమ్మి గోడవైపు వంగిపోతుంది. బిగించాక లోపలి వెడల్పును పైన, మధ్యలో, కింద కొలవండి. మధ్యలో ఎక్కువ వస్తే అక్కడి స్క్రూ కాస్త వదులు చేయండి.

ఖాళీని సిమెంటుతో పూడ్చే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. వద్దు. తడి సిమెంటు అల్యూమినియం మీద తెల్లటి మచ్చలు వేస్తుంది. పైగా ఎనిమిదడుగుల కమ్మి చలికాలపు తెల్లవారుజాముకూ, ఎండకు కాలిపోయే మే మధ్యాహ్నానికీ మధ్య దాదాపు 2 మి.మీ. సాగుతుంది. సిమెంటు ఆ కదలికకు పగులుతుంది, సిలికాన్ సాగుతుంది. వెడల్పు ఖాళీల్లో ముందు ఫోమ్ తాడు నొక్కి, దానిపైన సిలికాన్ పట్టించండి. కొనేటప్పుడు న్యూట్రల్ రకం అని అడగండి. వెనిగర్ వాసన కొట్టే రకం సిమెంటు గోడకు సరిగా అంటదు. దుమ్ము దులిపి, గోడ పొడిగా ఉన్నప్పుడే పట్టించాలి.

కింది ట్రాకుకు బయటివైపు చిన్న చిన్న సన్నటి రంధ్రాలుంటాయి, నీళ్లు పోవడానికి. వాటిమీద సిలికాన్ పడకుండా ముందే టేపు అంటించి, పని అయ్యాక పీకేయండి. ఫ్రేముకున్న ప్లాస్టిక్ పొర కూడా అప్పుడే తీసేయండి. ఎండకు కాలితే అది అతుక్కుపోయి గీకినా రాదు.

ఒక రోజు ఆరనిచ్చి, ట్రాకులో ఒక మగ్గు నీళ్లు పోయండి. ఆ రంధ్రాల నుంచి బయటికి కారిపోవాలి, లోపలి గోడ మీద తడి కనిపించకూడదు. తడి కనిపిస్తే ఆ చోట సిలికాన్ కోసి తీసేసి మళ్లీ పట్టించండి. నీళ్లు నిలిచిపోతే లెవెల్ మళ్లీ చూడండి.

వచ్చే పాఠంలో షట్టర్లు ఎక్కిద్దాం. మన కొలతకు 5 మి.మీ. అద్దమున్న షట్టర్ ఒక్కోటి పదమూడు, పద్నాలుగు కిలోలుంటుంది, కాబట్టి ఇద్దరు మనుషులు సిద్ధంగా ఉండండి. అప్పటిదాకా ట్రాకులో ఇసుక పడకుండా గుడ్డ కప్పి ఉంచండి.