స్లైడు చదువుదాం – పాఠం 4: లింఫోసైట్ ఎక్కడ నిలబడింది?

పోయిన అభ్యాసంలో ఎక్కువమంది ఒకేచోట తడబడ్డారు. నోటి తెల్లమచ్చ స్లైడులో కంటే క్యాన్సర్ స్లైడులో లింఫోసైట్లు (రోగనిరోధక తెల్లకణాలు) ఎక్కువగా కనిపించాయి కాబట్టి క్యాన్సర్‌లో రోగనిరోధక శక్తి పెరిగినట్టేనని రాశారు. కణాలను లెక్కపెట్టమన్నాను గానీ ఎక్కడివి లెక్కపెట్టాలో చెప్పలేదు. అందుకే మాక్రోఫేజీల (చెత్తను, సూక్ష్మజీవులను మింగే కణాల) పాఠాన్ని వెనక్కి జరుపుతున్నాను.

ముందు పునాది పొరను, అంటే ఉపకళను (నోటి లోపలి పైపొరను) కింది కణజాలం నుంచి వేరుచేసే పలుచని పొరను గుర్తించండి. సీడీ8 కణం, అంటే చంపే టీ లింఫోసైట్, క్యాన్సర్ కణాన్ని తాకితేనే చంపగలదు. పొర కింద గుంపుగా ఆగిపోయినవి ఎన్ని ఉన్నా, చేనులో పంది పడితే కంచె బయట నిలబడ్డ కాపలావాళ్లతో సమానం. పైగా టీ కణాలన్నిటినీ చూపే సీడీ3 రంగు చంపే కణానికీ, ఆ దాడిని అణచే నియంత్రణ కణానికీ ఒకేలా పడుతుంది. నేనైతే సీడీ3 స్లైడు పక్కన పెట్టి, సీడీ8, ఫాక్స్‌పీ3 (నియంత్రణ కణాల గుర్తు) స్లైడులను జతగా చూస్తాను. ఫాక్స్‌పీ3 రంగు కేంద్రకంలో పడుతుంది, కణం అంచున కనిపిస్తే నమ్మకండి.

ఇక అసలు ఉచ్చు. పొర కింద కనిపించే ప్రతి లింఫోసైట్ గుంపూ క్యాన్సర్ మీద పోరాటానికి వచ్చింది కాదు. లైకెన్ ప్లానస్ అనే నోటి వాపు జబ్బులో ఉపకళ కిందే పట్టీ కట్టినట్టు టీ కణాలు చేరతాయి. అది ఆ జబ్బు స్వభావం. క్యాండిడా బూజు పట్టిన తెల్లమచ్చలో పైపొరలోకి న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు వస్తాయి. బూజును చూపే పీఏఎస్ రంగు వేస్తే బూజు పోగులు బయటపడతాయి. పంటి మొన ఒరుసుకున్న పుండు కిందా గుంపు ఉంటుంది. శ్రీకాకుళం ప్రాంతంలో అడ్డపొగ తాగేవారి అంగిలినే తీసుకోండి. అక్కడి 10,169 మంది గ్రామస్థుల అంగిలి మచ్చలపై 1971లో అధ్యయనం వెలువడింది. చుట్ట నిప్పు నోటి లోపలే ఉంటుంది కాబట్టి, కాలిన చోట చేరిన వాపు కణాలను డిస్‌ప్లేసియాకు (క్యాన్సర్‌కు ముందు కణాల్లో వచ్చే తేడాకు) వచ్చిన స్పందనగా లెక్కవేస్తే నివేదిక మొత్తం తప్పుతుంది. పుండు అంచును వదిలి, చెదరని ఉపకళ ఉన్న చోట చూడండి.

టీ కణాల దాడిని ఆపే కవచంలాంటి ప్రోటీన్ పీడీ-ఎల్1 విషయం క్లుప్తంగా: టీ కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్ వల్ల కూడా క్యాన్సర్ కణం ఆ కవచాన్ని తొడుక్కోగలదు. కాబట్టి ఆ రంగు కనిపిస్తే దాడి జరగలేదని అర్థం చేసుకోకూడదు.

అభ్యాసం: సజీవ క్యాన్సర్ కణాలు 400. వాటిలో పీడీ-ఎల్1 రంగు పట్టినవి 60. క్యాన్సర్ గూళ్లలో, వాటిని అంటిపెట్టుకుని రంగు పట్టిన లింఫోసైట్లు 30, మాక్రోఫేజీలు 10, న్యూట్రోఫిల్స్ 25, ప్లాస్మా కణాలు (యాంటీబాడీలు తయారుచేసేవి) 15. దూరంగా ఉన్న పుండు కింద రంగు పట్టిన లింఫోసైట్లు మరో 40. సంయుక్త స్కోరు, అంటే ప్రతి 100 సజీవ క్యాన్సర్ కణాలకు లెక్కలోకి వచ్చే రంగు పట్టిన కణాల సంఖ్య, ఎంత? పీడీ-ఎల్1 కవచం పనిచేయకుండా చేసే పెంబ్రోలిజుమాబ్ మందును తల, మెడ క్యాన్సర్‌కు మొదటి మందుగా ఒంటరిగా ఇవ్వడానికి 2019లో అమెరికా అనుమతించినప్పుడు ఈ స్కోరు కనీసం 1 ఉండాలన్నారు. నాకు 25 వచ్చింది. ఏ కణాలను ఎందుకు వదిలేశారో ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాయండి. కారణం రాయని అంకెను దిద్దను.