మాక్రోఫేజ్ కణాలు దారిలోనే తగ్గిపోతుంటే: నా అనుభవం

సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి అవయవాల్లో చిన్న వాపు గడ్డలు వచ్చే జబ్బు) రోగుల ఊపిరితిత్తుల నుంచి బ్రాంకోస్కోపీతో (శ్వాసనాళంలోకి సన్నని గొట్టం పంపి చేసే పరీక్ష) తీసిన ద్రవంలోని మాక్రోఫేజ్ కణాలను (క్రిములను మింగే రోగనిరోధక కణాలు) కల్చర్ చేస్తున్నాం, అంటే ల్యాబ్ ప్లేట్లలో బతికించి ఉంచుతున్నాం. ల్యాబ్‌కు చేరేసరికి కణాల లెక్క బాగా పడిపోయేది. రోగి అంత ఇబ్బంది భరించి ఇచ్చిన నమూనా కదా, చాలా టెన్షన్ పడ్డాం. ట్రిపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే నీలి రంగు) వేసి చూస్తే, మిగిలినవి బతికే ఉన్నాయి. మరి మిగతావి ఏమయ్యాయి? గొట్టం గోడకు అంటుకుపోతున్నాయి. మాక్రోఫేజ్‌ల స్వభావమే అది. గాజు, పాలీస్టైరీన్ గొట్టాలు మానేసి, కణాలు తక్కువగా అంటుకునే ప్లాస్టిక్ అయిన పాలీప్రొపిలీన్‌వి తెప్పించాం, దారి పొడవునా ఐస్‌లో ఉంచాం. లెక్క నిలబడింది.

ప్లేటు మీద ఇవి, అంటుకున్న కణాలను ఊడదీసే ఎంజైమ్ అయిన ట్రిప్సిన్‌కు సరిగా ఊడవు. చల్లటి ఈడీటీఏ (కణాల పట్టు వదులు చేసే రసాయనం) ద్రావణంలో కాసేపు ఉంచి మెల్లగా గీకితే వస్తాయి. టీఎన్‌ఎఫ్ ఆల్ఫా (మాక్రోఫేజ్‌లు విడుదల చేసే, వాపును పెంచే ప్రోటీన్) కొలిచే పని ఉంటే మాత్రం గీకకండి, మొదటే పరీక్ష చేసే ప్లేటులో వేసుకోండి.