తిరుపతిలో జియోక్యాషింగ్ పోటీ పెట్టే ముందు

డబ్బా దాచి జీపీఎస్ అంకెలు (అక్షాంశ, రేఖాంశాలు) ఇచ్చి వెతికించడమే కదా, ఏముందిలే అనుకుని దిగిపోకండి.

ముందు చోటు సంగతి. అలిపిరి, గుళ్లు, బస్టాండ్, రైల్వే స్టేషన్ దరిదాపుల్లో వద్దు. 2003లో అలిపిరి దగ్గర పేలుడు చూసిన ఊరు ఇది, చెట్టు కింద మూతపెట్టిన స్టీలు టిఫిన్ డబ్బా కనిపిస్తే జనం పోలీసులకే ఫోన్ చేస్తారు, అందులో తప్పేం లేదు. లోపలున్నది బయటికి కనిపించే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, ఆట కోసమని రాసి, మీ నంబర్ అంటించండి. శేషాచలం అడవిలోకి అసలే వద్దు, చిరుతలున్నాయి. చంద్రగిరి కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, గోడ సందుల్లో ఏదీ దూర్చకండి. పార్కో క్యాంపసో చూసుకుని ముందే అనుమతి తీసుకుంటే టెన్షన్ ఉండదు.

అంకెలు ఒకే పద్ధతిలో ఇవ్వండి. మా వాడొకడు 13 డిగ్రీల 37 నిమిషాల అక్షాంశాన్ని 13.37 అని కొట్టాడు (డిగ్రీకి అరవై నిమిషాలు, అంటే 13.62 అని కొట్టాలి), మ్యాప్ దక్షిణంగా ఇరవై ఏడు కిలోమీటర్ల అవతల చూపించింది, ఇద్దరు బైకులు కూడా తీశారు! ఫోన్ జీపీఎస్ ఆరుబయటే ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ, కాబట్టి ప్రతి డబ్బాకీ ఒక క్లూ రాసివ్వండి.

జట్టుకు నలుగురు, అందులో ఒకరైనా ఇదివరకు ఆడినవాళ్లు. ఎండాకాలమైతే తొమ్మిదిన్నరకల్లా ముగించండి. పవర్ బ్యాంక్, నీళ్లు, పెన్సిల్ సరే. డబ్బాలో చాక్లెట్లు మాత్రం వద్దు, కోతులే గెలుస్తాయి.

ఎన్ని దాచారో రాసుకుని, వెళ్లేముందు అన్నీ తీసేయండి.