అజైల్‌లోకి మారుతున్న టీమ్‌కి లెక్కకు అందే లక్ష్యాలు ఎలా పెట్టాలి?

అజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ని అంతా ఒకేసారి కాకుండా చిన్న చిన్న ముక్కలుగా చేసి, వాడేవాళ్ళ చేతికి ఇస్తూ పోయే పద్ధతి. అందులోకి మారుతున్నామని చెప్పే టీమ్ గోడ మీద సాధారణంగా కనిపించే లక్ష్యాలు ఇవి: రోజూ పొద్దున స్టాండప్ (నిలబడి చేసే చిన్న మీటింగు) జరగాలి, అందరూ బోర్డు (ఏ పని ఎక్కడుందో కార్డులతో చూపేది) వాడాలి, మూడు నెలల్లో నూరు శాతం అజైల్ అయిపోవాలి. వీటిలో ఒక్కటి కూడా కస్టమర్‌కి అక్కరకొచ్చేది కాదు. మీటింగులన్నీ టైముకి జరుగుతూనే ఉంటాయి, కస్టమర్ అడిగిన చిన్న మార్పు మాత్రం నెలన్నరకు గానీ చేతికి రాదు. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది కూర్చుని రాసిన అజైల్ మేనిఫెస్టో వెనక పన్నెండు సూత్రాలున్నాయి. పురోగతికి ప్రధానమైన కొలత పనిచేసే సాఫ్ట్‌వేరే అన్నది అందులో ఒకటి. లక్ష్యాలు అక్కడి నుంచే మొదలవ్వాలి. మొదలుపెట్టిన పని వాడేవాళ్ళ చేతికి ఎన్ని రోజుల్లో చేరుతోంది, చేరినవాటిలో ఎన్ని తప్పులతో వెనక్కి వస్తున్నాయి. కొత్తగా మారుతున్న టీమ్‌కి మొదటి మూడు నెలలకు ఈ రెండు లెక్కలు చాలు.

ఊరికే సూత్రాలు చెబితే పట్టుబడవు కాబట్టి ఒక టీమ్‌ని ఊహించుకుందాం. విజయవాడలో ఏడుగురున్న చిన్న ఆఫీసు. గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తుంది. కాటా వేసిన టిక్కీలు (మిర్చి బస్తాలు), రైతుకిచ్చే తక్‌పట్టీ (అమ్మకం లెక్కల చీటీ), కమీషన్, హమాలీ లెక్కలు అన్నీ అందులోనే. ఇకపై వచ్చే అంకెలన్నీ ఈ ఊహా టీమ్‌వే. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క కట్టే తీరు మాత్రం ఇదే.

మొదట ఫిర్యాదు రాయండి

లక్ష్యం కంటే ముందు, ఎందుకు మారుతున్నామో ఒకే వాక్యంలో రాయాలి. 'ఉత్పాదకత పెంచడానికి' అని రాస్తే దాన్ని కొలవలేరు. 'కొట్టు గుమాస్తా ఒక మార్పు అడిగితే ఏ రోజుకి ఇస్తామో చెప్పలేకపోతున్నాం' అని రాస్తే, కొలవాల్సింది ఏమిటో ఆ వాక్యమే చెబుతుంది. ఈ వాక్యాన్ని మేనేజర్ ఒక్కరే రాయకూడదు. ఫోన్లు ఎత్తేవాళ్ళని, టెస్టింగ్ చేసేవాళ్ళని కూర్చోబెట్టి రాయించాలి. కస్టమర్ ఏ మాటకి విసుక్కుంటున్నాడో వాళ్ళకే బాగా తెలుసు.

ఇప్పుడెక్కడున్నామో లెక్క తీయండి

చాలా టీమ్‌లు దాటేసేది ఈ మెట్టునే. ఇప్పటి లెక్క లేకుండా 'వేగం 30 శాతం పెంచాలి' అంటే దేని మీద 30 శాతమో ఎవరికీ తెలియదు.

ప్రతి కార్డు మీద నాలుగు తేదీలు రాయండి: అడిగిన రోజు, పని మొదలుపెట్టిన రోజు, కోడ్ పూర్తయిన రోజు, కస్టమర్ వాడటం మొదలుపెట్టిన రోజు. కార్డు అంటే గుమాస్తా వాడి చూడగలిగిన పని అయ్యుండాలి. 'తక్‌పట్టీలో హమాలీ విడిగా కనిపించాలి' అన్నది కార్డు. 'డేటాబేస్‌లో కొత్త టేబుల్ చేయాలి' అన్నది కార్డు కాదు, అది ఆ కార్డు లోపలి పని. ఈ తేడా పాటించకపోతే తర్వాత వచ్చే అంకెలన్నీ తప్పుతాయి.

పూర్తయిన చివరి 20 కార్డులు తీసి, మొదలుపెట్టిన రోజు నుంచి వాడకంలోకి వచ్చిన రోజు వరకు రెండు తేదీలనూ కలిపి లెక్కపెట్టండి. ఆదివారాలు, పండగలు తీసేయొద్దు, ఎదురుచూసే కస్టమర్‌కి అవీ రోజులే. మన ఊహా టీమ్ ఫిబ్రవరి లెక్క, చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెడితే ఇది:

2, 3, 3, 4, 4, 5, 6, 6, 7, 8, 9, 9, 11, 12, 14, 16, 18, 21, 27, 40

మొత్తం 225, సగటు 11 రోజుల పైచిలుకు. ఈ సగటు పట్టుకుని కస్టమర్‌కి '11 రోజుల్లో ఇస్తాం' అంటే 20లో 7 పనులకు మాట తప్పుతారు. అందుకే సగటుకు బదులు వరసలో పదిహేడో అంకె చూడండి. ఇక్కడ అది 18. అంటే 20లో 17 పనులు, నూటికి 85 అన్నమాట, 18 రోజుల్లోపు చేరుతున్నాయి. మాట ఇవ్వడానికైనా, లక్ష్యం పెట్టడానికైనా పనికొచ్చే అంకె ఇదే. చివర ఉన్న 40 రోజుల కార్డుని 'అదేదో ప్రత్యేకమైన కేసు' అని తీసిపారేయకండి. అది ఎందుకు అంత లాగిందో విడిగా కూర్చుని చూడాలి.

రోజులు ఎక్కడికి పోతున్నాయో చూడాలంటే ఒక్క కార్డుని దగ్గరగా చూస్తే చాలు. హమాలీ కార్డునే తీసుకుందాం. ఫిబ్రవరి 4న మొదలైంది, 6న కోడ్ అయిపోయింది. టెస్టింగ్ చేసేది ఒక్కరే కావడంతో 16 దాకా చేతికి తీసుకోలేదు, ఆ రోజే చూసి సరే అన్నారు. గుంటూరు వెళ్ళి కొట్టులోని కంప్యూటర్లో ఎక్కించేది వారానికి ఒక్క గురువారమే, అందుకని 19న చేరింది. మొత్తం 16 రోజులు. దాని మీద ఎవరో ఒకరు పనిచేసినవి 5 రోజులు, మిగతా 11 రోజులూ అది ఊరికే పడి ఉంది. కోడ్ రాసేవాళ్ళని ఎంత తొందరపెట్టినా ఇందులో తగ్గేది ఒక రోజు. టెస్టింగ్‌లో ఇంకొకరు చేయి వేస్తే, వారానికి రెండుసార్లు ఎక్కిస్తే, వారం పైన తగ్గుతుంది. లక్ష్యాన్ని మనుషుల వేగం మీద పెట్టకూడదని గట్టిగా చెప్పేది ఇందుకే. ఆలస్యంలో పెద్ద భాగం మనుషుల దగ్గర ఉండదు, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే చోట ఉంటుంది.

లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో పెట్టండి

ఏది, ఎంత నుంచి ఎంతకి, ఏ తేదీకి, ఏ లెక్కతో: ఈ నాలుగూ వాక్యంలో ఉండాలి. మన టీమ్‌కైతే: 'ఏప్రిల్ 30 నాటికి, అప్పటికి పూర్తయిన చివరి 20 కార్డుల్లో 17 కార్డులు 18 రోజులకు బదులు 12 రోజుల్లోపు కొట్టులో వాడకంలోకి రావాలి.' 18 నుంచి ఒక్కసారిగా 5కి దూకమంటే టీమ్ మొదటి వారమే ఆశ వదులుకుంటుంది. మూడో వంతు తగ్గింపు అంటే కష్టపడితే అందేది.

దానికి తోడుగా ఒక కాపలా లెక్క తప్పనిసరి: 'ఎక్కించిన ఏడు రోజుల్లో తప్పుతో వెనక్కి వచ్చేవి 20లో 2 దాటకూడదు.' ఈ రెండో వాక్యం లేకపోతే రోజులు తగ్గించడానికి అందరికీ తట్టే దారి టెస్టింగ్ తగ్గించడం. రైతు తక్‌పట్టీలో టిక్కీల లెక్క తప్పు పడితే ఆ నష్టం 12 రోజుల వేగంతో పూడదు.

ఇంతకు మించి లక్ష్యాలు పెట్టొద్దు. ఎనిమిది లక్ష్యాలున్న టీమ్ ప్రతి రెండు వారాలకూ తమకు అనుకూలంగా కదిలినదాన్నే చూపిస్తుంది.

చేతిలో ఉన్న పనులు తగ్గించండి

రోజులు తగ్గించడానికి అన్నిటికంటే నమ్మకంగా పనిచేసేది ఇదే, నమ్మడానికి కష్టమైనదీ ఇదే. జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం ఒకటుంది. చేతిలో ఉన్న పనుల సగటు సంఖ్య అంటే, రోజుకి పూర్తయ్యే పనుల సంఖ్యని ఒక్కో పనికి పట్టే సగటు రోజులతో గుణిస్తే వచ్చేది. మన టీమ్ వారానికి 7 పనులు పూర్తిచేస్తోంది, అంటే రోజుకొకటి. బోర్డు మీద 11 పనులు నడుస్తుంటే ఒక్కోటి సగటున 11 రోజులు పడుతుంది. నడిచే పనులను 7కి తగ్గించి, వారానికి 7 పూర్తయ్యే వేగం పడిపోకుండా చూస్తే సగటు 7 రోజులకు దిగుతుంది. కొత్త మనుషులు అక్కర్లేదు, రాత్రుళ్ళు కూర్చోవడం అక్కర్లేదు.

అమలు ఇలా. బోర్డులో ప్రతి గడి పైన హద్దు అంకె రాయండి: 'కోడింగ్ 4, టెస్టింగ్ 2, ఎక్కించాల్సినవి 1.' టెస్టింగ్ గడి నిండి ఉంటే కోడింగ్ ముగించిన మనిషి కొత్త కార్డు తీయకూడదు, వెళ్ళి టెస్టింగ్‌లో సాయపడాలి. మొదటి రెండు వారాలు ఇది చాలా ఇబ్బందిగా ఉంటుంది, 'ఖాళీగా కూర్చున్నారు' అన్న మాట పైనుంచి వస్తుంది. ఆ మాట వస్తుందని మేనేజర్‌కి ముందే చెప్పి ఒప్పించి పెట్టుకోండి. లేకపోతే హద్దు మూడో వారానికే చెరిగిపోతుంది.

అజైల్‌లో ఒక పద్ధతైన స్క్రమ్ పాటించే టీమ్‌లకు ఇక్కడ ఒక మాట. స్క్రమ్ గైడ్ ప్రకారం స్ప్రింట్ (ఒక విడత పనికి పెట్టుకునే గడువు) నెల దాటకూడదు, డైలీ స్క్రమ్ (రోజూ జరిగే చిన్న మీటింగు) 15 నిమిషాలు. ఇవి హద్దులే గానీ లక్ష్యాలు కావు. స్ప్రింట్ విషయంలో లెక్కపెట్టదగ్గది ఒకటే: ఆ స్ప్రింట్ గోల్, అంటే ఆ విడతలో సాధించాలనుకున్నది, నెరవేరిందా లేదా. ఆరు స్ప్రింట్లలో ఎన్నిటికి నెరవేరిందో చూడండి. 14 కార్డులకు 13 అయ్యాయన్న లెక్కలో అసలు కావాల్సిన కార్డు మిగిలిపోయిందన్న సంగతి కనిపించదు.

ఎక్కడ చెడుతుంది

స్టోరీ పాయింట్లని (ఒక్కో పని ఎంత పెద్దదో టీమ్ అంచనాగా వేసుకునే అంకెలు) లక్ష్యంగా పెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. 'ఈ స్ప్రింట్‌లో 40 పాయింట్లు, వచ్చే దాంట్లో 50' అన్నారనుకోండి, 50 వచ్చేస్తాయి. నిన్నటిదాకా 3 పాయింట్లన్న పనిని ఇవాళ 5 అంటారు. ఎవరూ మోసం చేయాలని అనుకోరు, అనుమానం వచ్చిన చోట పై అంకె ఎంచుకుంటారు, అంతే. కొలతని లక్ష్యంగా మారిస్తే అది కొలతగా పాడవుతుందన్న ఈ సంగతిని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ పేరుతో చెబుతారు. పాయింట్లు టీమ్ తన ప్లానింగ్‌కి తాను వాడుకునేవి. పక్క టీమ్‌తో పోల్చడానికి అసలే పనికిరావు.

రెండోది ఇంక్రిమెంటుకి ముడిపెట్టడం. మనిషికి ఎన్ని కార్డులు అని లెక్క మొదలైన రోజే ఇంకొకరి కార్డు మీద చేయి వేయడం ఆగిపోతుంది. హమాలీ కార్డులా పనులు టెస్టింగ్ ముందు తొమ్మిదేసి రోజులు పడి ఉండటానికి అదే దారి. అంకెలు టీమ్‌వి, మనిషివి కావు. ఈ నియమాన్ని హెచ్‌ఆర్ వాళ్ళ చేత కూడా ముందే ఒప్పించాలి.

మూడోది అర్జెంటు పనులు. 'కాటా వేసిన టిక్కీలు బిల్లులోకి రావట్లేదండీ, లారీ కదలాలి' అని కొట్టు నుంచి ఫోన్ వస్తే హద్దు నిండిందని చెప్పలేరు, చెప్పకూడదు కూడా. దానికి బోర్డు పైన వేరే వరస పెట్టండి, అందులో ఒకసారికి ఒక్క కార్డే. వారానికి ఎన్ని వచ్చాయో విడిగా రాయండి. వారానికి మూడు నాలుగు దాటుతుంటే, కొత్త పనులు ఆపి ఆ తప్పులు ఎక్కడ పుడుతున్నాయో చూడాల్సిన సమయం అది.

రెండు వారాలకోసారి చూడండి

20 నిమిషాలు చాలు. చివరి 20 కార్డుల వరస, పదిహేడో అంకె, వెనక్కి వచ్చినవి, అర్జెంటువి. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. అంకె కదలకపోతే ఎక్కువ రోజులు పట్టిన మూడు కార్డుల తేదీలు చదివి, ఎక్కడ ఆగాయో చూసి, ఒకే ఒక్క మార్పు చేయండి. రెండు మూడు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తేలదు. ఆరు వారాలైనా కదలకపోతే పని తీరు మార్చండి, గడువు దగ్గరపడిందని 12ని 15 చేయకండి. ముందుగానే అందుకుంటే ఆ లక్ష్యాన్ని గోడ మీద నుంచి తీసి, కాపలా లెక్కని మాత్రం ఉంచి, ఫిర్యాదుల్లో తర్వాతిదానికి వెళ్ళండి.

సీజన్‌ని లెక్కలోకి తీసుకోవడం మర్చిపోవద్దు. మిర్చి రాబడి జోరుగా ఉండే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుమాస్తాకి కొత్త స్క్రీన్ నేర్చుకునే తీరిక ఉండదు, మీరు సిద్ధం చేసినా తొందరగా ఎక్కించనివ్వడు. యార్డుకి వేసవి సెలవులిచ్చాక అర్జెంటు ఫోన్లు ఆగిపోతాయి, ఎక్కించడానికి కావలసినంత సమయం దొరుకుతుంది, రోజుల అంకె దానంతటదే దిగుతుంది. ఆ దిగుదలని టీమ్ సాధించినట్టు రాసుకుంటే వచ్చే ఫిబ్రవరిలో అంకె మళ్ళీ ఎక్కినప్పుడు టీమ్ మీదే నింద పడుతుంది. మన లక్ష్యానికి ఏప్రిల్ 30 గడువు పెట్టింది అందుకే: మొదటి లెక్కా సీజన్‌లోదే, చివరి లెక్కా సీజన్‌లోదే. సెలవుల నాటి అంకెలు వేరే కాగితం మీద రాసుకుని, వాటిని మరుసటి ఏడు సెలవుల అంకెలతోనే పోల్చండి.